జనరల్ గ్రాంట్ పుస్తకం రాసిన ఏడాది

స్వీయచరిత్రలు సాధారణంగా తీరిక దొరికినవారు రాసుకుంటారు. ఉద్యోగ విరమణ అయ్యాక, పిల్లల పెళ్ళిళ్ళు అయిపోయాక, సాయంకాలం వసారాలో పడక్కుర్చీ వాల్చుకుని గతాన్ని నెమరువేసుకుంటూ రాసే గ్రంథాలవి. మన తెలుగు ఆత్మకథల్లో చాలావాటి వెనుక ఆ పడక్కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. అయితే తీరికన్నది ఏ కోశానా లేని స్థితిలో, చేతిలో కాణీ లేక, గొంతులో పుండుతో, ఎన్ని వారాలు బతుకుతాడో తెలియని మనిషి ఒకాయన తన మొదటి పుస్తకాన్ని రాసి పూర్తిచేశాడు. ఆ పుస్తకం అచ్చయి వచ్చేనాటికి ఆయన లేడు. ఆయన పేరు యులిసీస్ గ్రాంట్. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనలను గెలిపించిన సర్వసేనాని, 1869 నుంచి 1877 వరకు ఆ దేశాధ్యక్షుడు.

అధ్యక్షుడిగా ఆయనను పొగిడేవారు ఆనాడు తక్కువే. సేనానిగా పొగిడేవారు కూడా 'మూర్ఖపు పట్టుదల తప్ప వ్యూహమేముంది' అని ఒక మాట చేర్చకుండా ఉండేవారు కారు. రచయిత అవుతాడని మాత్రం ఎవరూ అనుకోలేదు. ఆయన అసలే అనుకోలేదు. తోటి సేనాని షెర్మన్ 1875లోనే తన యుద్ధ జ్ఞాపకాలను రెండు సంపుటాలుగా వెలువరించి దేశమంతా గగ్గోలు పుట్టించాడు. మీరూ రాయండని గ్రాంట్‌ను అడిగినవారందరికీ ఒకటే సమాధానం: తనకు రాయడం చేతకాదు, తన సైనిక కార్యదర్శిగా పనిచేసిన ఆడమ్ బాడో ఆ యుద్ధచరిత్రను మూడు సంపుటాలలో రాసేశాడు, ఇక తాను చెప్పవలసిందేమీ మిగలలేదు. 1881లో మార్క్ ట్వేన్ స్వయంగా వెళ్ళి అడిగినా ఆ మాటే చెప్పి పంపేశాడు.

మరి ఎందుకు రాశాడు? డబ్బు కోసం. ఈ విషయం దాచవలసిన పని లేదు, ఆయన కూడా దాచలేదు.

ఆ రోజుల్లో అమెరికా అధ్యక్షులకు పింఛను లేదు (అది 1958లో గానీ రాలేదు). అధ్యక్ష పదవి స్వీకరించేటప్పుడు సైన్యంలో జనరల్ హోదాను వదులుకున్నాడు కనుక ఆ వైపు నుంచి వచ్చేదీ లేదు. పదవి దిగాక భార్య జూలియాతో రెండేళ్ళకు పైగా ప్రపంచమంతా తిరిగాడు. 1879 ఫిబ్రవరిలో మన బొంబాయిలోనూ దిగి ఆగ్రా, ఢిల్లీ, కలకత్తా చూసి బర్మా వైపు వెళ్ళాడు. తిరిగి వచ్చాక న్యూయార్కులో స్థిరపడి, కుమారుడు భాగస్వామిగా ఉన్న ఒక వాల్‌స్ట్రీటు సంస్థలో తన సొమ్మంతా పెట్టాడు. సంస్థ పేరు గ్రాంట్ అండ్ వార్డ్. పేరు గ్రాంట్‌ది, పెత్తనం ఫెర్డినాండ్ వార్డ్ అనే యువకుడిది. ఆ యువకుడు చేసిన వ్యాపారం ఇప్పుడు మనకు బాగా తెలిసినదే. కొత్తగా వచ్చినవాడి సొమ్ము తీసి పాతవాడికి లాభమని చూపించడం, ఒకే తాకట్టు పత్రాన్ని పదిచోట్ల కుదువబెట్టడం. కృషి బ్యాంకులూ చిట్‌ఫండ్ కంపెనీలూ చూసిన మనకు ఇందులో వింత లేదు. గ్రాంట్ మాత్రం తాను లక్షాధికారినయ్యానని నమ్మాడు, లెక్కల పుస్తకం తెరిచి చూడలేదు.

1884 మే 4, ఆదివారం నాడు వార్డ్ ఇంటికి వచ్చాడు. తమ సొమ్మున్న మెరైన్ నేషనల్ బ్యాంకు ఒడుదుడుకుల్లో ఉందనీ, ఒక్క రోజుకు 1,50,000 డాలర్లు సర్దితే చాలుననీ చెప్పాడు. గ్రాంట్ లేచి రైల్వే కుబేరుడు విలియం వాండర్‌బిల్ట్ ఇంటికి వెళ్ళి తన మాట మీద అప్పు తెచ్చి వార్డ్ చేతిలో పెట్టాడు. మంగళవారం, మే 6న, కార్యాలయానికి వెళ్ళేసరికి బ్యాంకూ లేదు, సంస్థా లేదు. సంస్థ అప్పులు కోటీ అరవై లక్షల డాలర్లకు పైమాట. ఆ సాయంత్రం ఇంట్లో దంపతులిద్దరి దగ్గరా కలిపి రెండు వందల డాలర్ల చిల్లర మిగిలింది. మెక్సికో దేశపు రాయబారి రొమేరో పలకరించడానికి వచ్చి, వెళుతూ వెళుతూ వెయ్యి డాలర్ల చెక్కును బల్ల మీద వదిలి వెళ్ళాడని చెబుతారు. వాండర్‌బిల్ట్ అప్పు మాఫీ చేస్తానన్నా గ్రాంట్ ఒప్పుకోలేదు. ఇల్లూ వాకిలీ, ఖడ్గాలూ, విదేశాలలో అందుకున్న బహుమానాలూ అన్నిటినీ ఆయన పేర రాసిచ్చేశాడు. అవి తరువాత ప్రభుత్వానికి చేరాయి.

ఇక్కడ ఒక చిన్న సంగతి. గ్రాంట్ పుస్తకం తొలి అధ్యాయంలో ఒక గుర్రప్పిల్ల కథ ఉంది. ఎనిమిదేళ్ళప్పుడు పొరుగున ఒక రైతు దగ్గరున్న పిల్లగుర్రం మీద మనసుపడ్డాడు. తండ్రి బేరం నేర్పి పంపాడు: ముందు ఇరవై డాలర్లను, ఒప్పుకోకపోతే ఇరవై రెండున్నర, అప్పటికీ దిగకపోతే ఇరవై అయిదు ఇవ్వు అని. కుర్రవాడు తిన్నగా రైతు దగ్గరకు వెళ్ళి తండ్రి చెప్పినదంతా వరసగా ఒప్పగించేశాడు. ఎంతకు కొన్నాడో ఊహించడానికి గణితం అక్కరలేదు. ఊళ్ళో పిల్లలు దాన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి ఏడిపించారట. అరవై రెండేళ్ళ వయసులో వార్డ్ చేతిలో సర్వస్వం పోగొట్టుకుని, దేశమంతా తన అమాయకత్వం గురించి చెప్పుకుంటున్న కాలంలో, ఆయన ఏరి కోరి ఈ కథ చెప్పుకున్నాడు. వార్డ్ పేరెత్తి ఒక్క శాపనార్థం కూడా పెట్టలేదు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చదువుకున్న తరువాతే నాకు ఈ రచయిత మీద గురి కుదిరింది.

అంతకుముందు వద్దన్న 'సెంచురీ' పత్రిక వారి కోరికకు ఇప్పుడు ఆయనే తలవంచాడు. అంతర్యుద్ధపు పోరాటాల గురించి ఇరుపక్షాల సేనానుల చేత వ్యాసాలు రాయిస్తున్న పత్రిక అది. వ్యాసానికి 500 డాలర్లు. మొదటిది షైలో యుద్ధం గురించి రాసి పంపాడు. చూస్తే అది సైనిక కార్యాలయానికి పంపే నివేదికలా ఉంది. ఫలానా దళం ఫలానా చోట, ఇంతమంది హతులు, ఇంతమంది క్షతగాత్రులు. సంపాదకుడు రాబర్ట్ అండర్‌వుడ్ జాన్సన్‌కు గుండె జారిపోయింది. మాజీ దేశాధ్యక్షుడి వ్యాసాన్ని తిప్పి పంపడం ఎలాగ? ఆయన సముద్రతీరాన లాంగ్ బ్రాంచిలో ఉన్న గ్రాంట్ వేసవి విడిదికి వెళ్ళి, వ్యాసం ఊసే ఎత్తకుండా, షైలో గురించి మాటల్లోకి దింపాడు. అప్పుడు బయటపడ్డాయి వ్యాసంలో లేనివన్నీ. మొదటి రోజు యుద్ధం చేజారినంత పనయింది. ఆ రాత్రి కుండపోత వాన. గుర్రం జారిపడి వాచిన కాలితో చెట్టు కింద ముడుచుకున్నాడు. నిద్ర పట్టక అర్ధరాత్రి దాటాక ఒక దుంగల ఇంట్లోకి వెళితే, అది ఆసుపత్రిగా మారి ఉంది. లోపల కాళ్ళూ చేతులూ కోస్తున్నారు. వేలమందిని చావుకు ఎదురు పంపిన ఆ సేనాని ఆ దృశ్యం చూడలేక మళ్ళీ వానలోకే వచ్చేశాడు. జాన్సన్ అన్నాడట, ఇదే రాయండి, భోజనాల బల్ల దగ్గర మిత్రులకు చెప్పినట్టు రాయండి అని.

ఒక సంపాదకుడు చేయగలిగిన మేలు ఇంతకంటే ఏముంటుంది! గ్రాంట్ ఆ వ్యాసాన్ని వెనక్కు తీసుకుని మళ్ళీ రాశాడు. రాయడంలో తనకు ఆనందం కలుగుతున్నదని గమనించి ఆయనే ఆశ్చర్యపోయాడు. నిజానికి ఆయనకు రచనాభ్యాసం లేదనడం సరికాదు. నాలుగేళ్ళ పాటు యుద్ధరంగంలో రోజుకు ఎన్ని ఉత్తర్వులు రాశాడో లెక్క లేదు. గ్రాంట్ ఉత్తర్వును రెండోసారి చదువుకోవలసిన పని ఉండదని సైన్యంలో పేరు. ఒక వాక్యానికి రెండర్థాలు వస్తే మనుషులు చచ్చిపోయే చోట నేర్చిన వచనం అది.

అదే వేసవిలో ఒకనాడు పీచు పండు కొరికి మింగబోతే గొంతులో నిప్పు కణిక దిగినట్టయింది. చూసిన వైద్యుడు, మీ కుటుంబ వైద్యునికి వెంటనే చూపించమన్నాడు. ఆ వైద్యుడు యూరప్ వెళ్ళి ఉన్నాడు. గ్రాంట్ ఆయన వచ్చేదాకా ఆగాడు. అక్టోబరు చివరకు గొంతు నిపుణుడు డాక్టర్ జాన్ డగ్లస్ చూసేసరికి నాలుక మొదట్లో పుట్టకురుపు. గోరుచుట్టు మీద రోకటిపోటు. 1862లో ఫోర్ట్ డొనెల్సన్ గెలిచినప్పుడు ఆయన చేతిలో చుట్ట ఉందని పత్రికలు రాస్తే, అభిమానులు దేశం నలుమూలల నుంచీ వేలకొద్దీ చుట్టలు కానుకగా పంపారు. అంతకుముందు ఎప్పుడో గాని కాల్చని మనిషి, వచ్చినవాటిని పారవేయలేక అలవాటు పడ్డానని చెప్పుకున్నాడు. ఇరవై రెండేళ్ళ తరువాత అప్పు తీర్చవలసి వచ్చింది.

ఇక పుస్తకం అచ్చు వేసే సంగతి. సెంచురీ సంస్థ వారు పది శాతం రాయల్టీతో ఒప్పందం సిద్ధం చేశారు. 1884 నవంబరులో మార్క్ ట్వేన్ ఒక సభ ముగిసి ఇంటికి పోతూ, ముందు నడుస్తున్న ఆ పత్రిక సంపాదకుడు గిల్డర్ ఈ సంగతి ఎవరితోనో చెబుతుండగా విన్నాడు. మరునాడే గ్రాంట్ ఇంట్లో వాలాడు. కాగితం తీసి చూపిస్తే, ఊరూ పేరూ లేని కొత్తవాడికి ఇచ్చే లెక్క ఇది అని ఈసడించాడు. తన ప్రచురణ సంస్థ (మేనల్లుడి వరస అయిన చార్లెస్ వెబ్‌స్టర్ పేరు మీద నడుస్తున్నది) అమ్మకం మీద ఇరవై శాతం గానీ, లాభంలో డెబ్భై శాతం గానీ ఇస్తుందన్నాడు. గ్రాంట్ ఇబ్బంది పడ్డాడు: ముందు అడిగినవారు సెంచురీ వారు కదా, వారిని కాదని వెళ్ళడం మర్యాదేనా? ముందు అడిగినవాణ్ణి నేను, 1881లో, అని ట్వేన్ గుర్తుచేశాడు. ఆ వాదన పనిచేసింది. 1885 ఫిబ్రవరి 27న సంతకాలయ్యాయి. ఒకవేళ పుస్తకం అమ్ముడుపోకపోతే ప్రచురణకర్త నష్టపోకూడదని గ్రాంట్ లాభంలో వాటానే ఎంచుకున్నాడు. ట్వేన్ ఔదార్యం గురించి మనవాళ్ళు రాసేటప్పుడు కాస్త ఎక్కువగా పరవశిస్తారు. ఆయన మంచివాడే, కానీ ఆయనకు ఇది లాభసాటి బేరమని కూడా బాగా తెలుసు. యుద్ధం మొదట్లో ఒక రెండు వారాలు దక్షిణాది పక్షాన సిపాయి వేషం వేసి పారిపోయినవాడు, ఆ యుద్ధాన్ని గెలిచిన సేనానికి ప్రచురణకర్త కావడం ఆయన హాస్యకథలన్నిటికంటే బాగుంటుంది.

సంతకాలయిన రెండు రోజులకు, మార్చి 1న, న్యూయార్క్ టైమ్స్ జనరల్ గ్రాంట్ మరణానికి చేరువలో ఉన్నాడని ప్రకటించింది. విలేకరులు ఎదుటి ఇళ్ళలో గదులు అద్దెకు తీసుకుని, 66వ వీధిలోని ఆ ఇంటి కిటికీల వైపు రాత్రింబవళ్ళు కాపలా కాశారు. మార్చి 4న అధ్యక్షుడు ఆర్థర్ పదవి దిగిపోయే ఆఖరి ఘడియల్లో గ్రాంట్‌కు జనరల్ హోదానూ, జీతాన్నీ పునరుద్ధరించే బిల్లు నెగ్గింది. మార్చి నెలాఖరున మంచంలోనే బ్యాంకు కేసులో వాంగ్మూలం ఇచ్చాడు. ఆ తరువాత కొద్ది రోజులకే ఊపిరాడక ప్రాణం పోయినంత పనయింది. ఏప్రిల్ 2న పాస్టరు వచ్చి జ్ఞానస్నానం కూడా చేయించాడు. డాక్టర్లు బ్రాందీ సూదిమందుగా ఎక్కించారు. ప్రాణం నిలిచింది. పాస్టరు అది ప్రార్థన మహిమ అన్నాడట, డాక్టరు బ్రాందీ మహిమ అన్నాడట.

ఏప్రిల్ నడుమ లేచి కూర్చుని మళ్ళీ పుస్తకం పట్టుకున్నాడు. మేడ మీద చిన్న గదిలో పని. పెద్దకొడుకు ఫ్రెడ్ తేదీలూ దస్తావేజులూ సరిచూసేవాడు. బాడో పక్కన ఉండి పాత ఉత్తర్వులు వెతికి ఇచ్చేవాడు. నోబుల్ డాసన్ అనే స్టెనోగ్రాఫరు చెప్పింది చెప్పినట్టు దింపేవాడు. ఒకప్పుడు బానిసగా పుట్టిన హారిసన్ టెరెల్ అనే నల్లజాతి సేవకుడు రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉండేవాడు. జీతం అందుతుందో లేదో తెలియని రోజుల్లో కూడా ఆయన వదిలిపోలేదు. గొంతుకు కొకెయిన్ ద్రావణం పూసేవారు. అది వైద్యంలోకి కొత్తగా వచ్చిన మందు, 1884లోనే ప్రచారమైంది. దానితో నొప్పి కాసేపు తగ్గేది. మార్ఫీను పడితే నిద్ర వచ్చేది గానీ బుద్ధి మసకబారేది. అందుచేత రాయదలచిన రోజుల్లో మార్ఫీను తగ్గించుకునేవాడు. నొప్పికీ వాక్యానికీ మధ్య రోజూ ఆ బేరం జరిగేది.

సరిగ్గా ఈ సమయంలో వచ్చింది బాడో గొడవ. ఏప్రిల్ చివర న్యూయార్క్ వరల్డ్ పత్రిక, గ్రాంట్ పుస్తకాన్ని నిజంగా రాస్తున్నది బాడో అని ప్రకటించింది. మొదటి పుస్తకం ఇంకా అచ్చుకు పోకముందే, ఇది నీది కాదు అనిపించుకోవడం ఏ రచయితకైనా ఎంత అవమానం! అందునా మరణశయ్య మీద. మే మొదట్లో గ్రాంట్ ఒక లేఖ విడుదల చేశాడు: రచన పూర్తిగా తనదేనని. ఆ వెంటనే బాడో నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ముందు కుదిరిన పది వేల డాలర్లు చాలవు, నెలకు వెయ్యి డాలర్లూ, లాభంలో పది శాతమూ కావాలి. మీ ముక్కలు ముక్కల రాతను అతికి గ్రంథం చేసే పని నాది, పేరు మీది అన్న ధోరణిలో.

బాడోను దుర్మార్గుడని కొట్టిపారేయడం సులభం. న్యాయంగా ఆలోచిస్తే ఆయన బాధ అర్థం కాకపోదు. పదిహేనేళ్ళు శ్రమపడి రాసిన మూడు సంపుటాల చరిత్ర ఆయనది. కథానాయకుడే తన కథ చెప్పుకున్నాక దాన్నెవరు కొంటారు? పైగా గ్రాంట్‌కు ఆ చరిత్ర పక్కనే ఉంది, సహాయకుడూ పక్కనే ఉన్నాడు. ఇతరుల సాయం ఎంత దాటితే పుస్తకం చేతులు మారుతుంది? ఆ గీత ఎక్కడ గీయాలో నేటికీ తేలలేదు. కానీ ఈ వ్యాజ్యంలో సాక్ష్యం మిగిలింది. గ్రాంట్ స్వదస్తూరీతో ఉన్న ప్రతి నేడు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉంది. అంతకంటే పెద్ద సాక్ష్యం వచనమే. బాడో రాత అలంకారాల బరువుతో నడుస్తుంది. ఈ పుస్తకంలో అలంకారం మచ్చుకైనా కనబడదు. గ్రాంట్ సుదీర్ఘంగా బదులు రాసి, ఇలా అయితే ఈ పుస్తకం నాదన్న గౌరవం నాకు మిగలదు, కనుక మన పొత్తు ఇంతటితో సరి అని తేల్చేశాడు. బాడో మళ్ళీ ఆ గడప తొక్కలేదు. గ్రాంట్ పోయాక జూలియా మీద దావా వేసి, చివరకు 1888లో పది వేలతో రాజీపడ్డాడు.

కొత్త రచయితలకుండే బెంగ ఈ మహా సేనానికీ తప్పలేదు. ట్వేన్ ప్రూఫులు చదువుతూ కామాలు దిద్ది పంపేవాడు గానీ బాగుందని ఒక్క మాట అనేవాడు కాదు. గ్రాంట్ వంటి వారికి తన మెప్పు అవసరమని ఆయన ఊహకే తట్టలేదు. నాన్నగారు దాని గురించి బెంగపడుతున్నారని ఫ్రెడ్ వచ్చి చెప్పేసరికి ట్వేన్ నివ్వెరపోయాడు. తరువాతిసారి కలిసినప్పుడు, సీజర్ రాసిన యుద్ధ వ్యాఖ్యలతో సమానంగా నిలబడగలది ఈ పుస్తకం అని చెప్పాడు. ముఖస్తుతి కాదు, ఆయన నమ్మకమే అది. లక్ష మంది సైనికులను నడిపినవాడు, ప్రూఫుల మీద ఒక మంచి మాట కోసం ఎదురు చూశాడు!

జూన్ 16న న్యూయార్కు వేడి భరించలేక, వాండర్‌బిల్ట్ ఇచ్చిన ప్రత్యేక రైలులో, సారటోగా దగ్గర మౌంట్ మెక్‌గ్రెగర్ అనే కొండ మీద డ్రెక్సెల్ అనే ధనవంతుడి కుటీరానికి చేర్చారు. అప్పటికి పడుకుంటే ఊపిరాడదు. రెండు తోలు కుర్చీలు ఎదురెదురుగా వేసుకుని, ఒకదానిలో కూర్చుని, ఒకదానిపై కాళ్ళు చాచుకుని ఆ ఐదు వారాలూ గడిపాడు. గొంతు పోయింది. ఇక చెప్పి రాయించే మాట లేదు. పలక మీద పిల్లవాడిలా, ఒడిలో ఒక అట్ట పెట్టుకుని పెన్సిలుతో రాసేవాడు. డాక్టర్లతో మాట్లాడాలన్నా చిన్న చిన్న కాగితం ముక్కల మీదే. ఆ ముక్కల్లో కొన్ని మిగిలాయి. ఒకదానిలో తాను ఇప్పుడు సర్వనామంగా కంటే క్రియాపదంగానే ఉన్నానేమో అనుకున్నాడు. ఉండటం, చేయటం, అనుభవించటం. క్రియ సూచించే మూడూ తనలోనే ఉన్నాయని. వ్యాకరణంలో ఇంతటి హాస్యమూ ఇంతటి దుఃఖమూ ఒకేచోట నేను మరెక్కడా చూడలేదు.

పీఠిక కింద తేదీ 1885 జూలై 1. పుస్తకాన్ని అమెరికా సైనికునికీ నావికునికీ అంకితమిచ్చాడు. ఉత్తరాది పక్షాన పోరాడినవారికి అని స్పష్టం చేస్తే బాగుంటుందేమోనని ఫ్రెడ్ సూచించాడు. కాదు, ఇరుపక్షాల వారికీ అన్నాడు తండ్రి. జూలై 10న ఆ మాటకు రూపం వచ్చినట్టుగా బక్నర్ కొండెక్కి వచ్చాడు. 1854లో సైన్యం వదిలి చేతిలో పైసా లేక న్యూయార్కులో చిక్కుకుపోయిన గ్రాంట్‌కు హోటలు బాకీకి హామీ ఉండి ఆదుకున్న మిత్రుడు. ఎనిమిదేళ్ళ తరువాత ఫోర్ట్ డొనెల్సన్‌లో అదే గ్రాంట్‌కు, ఏ షరతులూ లేకుండా, లొంగిపోయిన దక్షిణాది సేనాని. ఒకాయన మాట్లాడాడు, ఒకాయన కాగితం మీద బదులు రాశాడు.

పుస్తకంలో ఉన్న గొప్పతనం గురించి చాలామంది రాశారు. మెక్సికో మీద అమెరికా చేసిన యుద్ధం అన్యాయమని, అందులో తానూ పోరాడాడు కనుక తానే ఒప్పుకోవడం. కోల్డ్ హార్బర్ దగ్గర చివరి దాడి చేయించినందుకు చింతించడం. ఓడిన లీ ఎదుట కూర్చున్నప్పుడు గెలుపు సంతోషం కాక విషాదం ఆవరించిందనడం. బురద చొక్కాతో వెళ్ళి, మెరిసే దుస్తుల్లో ఉన్న లీ పక్కన తాను ఎలా ఉన్నాడో తలచుకోవడం. ఇవన్నీ నిజమే. కానీ లేనివీ చూడాలి. కథ యుద్ధంతోనే ఆగిపోతుంది. కుంభకోణాలతో నిండిన ఎనిమిదేళ్ళ అధ్యక్ష పదవి లేదు. తాగుడు గురించి లోకమంతా చెప్పుకున్న మాటలకు జవాబు లేదు. 1862 డిసెంబరులో తన ఆధీనంలోని ప్రాంతం నుంచి యూదులందరినీ వెళ్ళగొట్టమని ఆయన ఇచ్చిన ఉత్తర్వు, లింకన్ రద్దు చేయించినది, దాని ప్రస్తావన కూడా లేదు. ఫ్రెడ్ గుర్తు చేస్తే, అది గడిచిపోయిన సంగతి, తడమకపోవడమే మంచిది అన్నాడట. సిగ్గు వల్లనే వదిలాడని నా ఊహ. అయినా తన సేనల తప్పులను అంత నిర్భయంగా ఒప్పుకున్న మనిషి, ఈ ఒక్కటీ ఒప్పుకుని ఉంటే ఆ పుస్తకం ఇంకా పెద్దదయ్యేది కాదా అనిపిస్తుంది. కాలం లేదని సమర్థించవచ్చు. జూలైలో కూడా ఆయన పేరాలు చేరుస్తూనే ఉన్నాడు మరి.

జూలై నడిమికి పని పూర్తయింది. 1,200 పేజీలకు పైగా వచ్చే గ్రంథం, మొదలుపెట్టిన ఏడాది లోపే. ఇక దిద్దేది లేదని తెలిసిన తరువాత, 20వ తేదీన చక్రాల కుర్చీలో లోయ కనిపించే చోటికి తీసుకువెళ్ళమన్నాడు. ఆ ప్రయాణానికే పూర్తిగా అలసిపోయాడు. 23వ తేదీ ఉదయం ఎనిమిది దాటిన కొద్ది నిమిషాలకు పోయాడు. ఆగస్టు 8న న్యూయార్కులో జరిగిన అంత్యక్రియల్లో శవపేటిక వెంట షెర్మన్, షెరిడన్‌లతో పాటు శత్రుపక్షం నుంచి బక్నరూ, జోసెఫ్ జాన్‌స్టనూ నడిచారు.

మన తొలి తెలుగు యాత్రాగ్రంథానికీ ఇలాంటి గతే పట్టింది. 1830-31లో కాశీయాత్ర చేసి, దాని విశేషాలను మిత్రునికి లేఖలుగా రాసిన ఏనుగుల వీరాస్వామయ్య 1836లో పోయాడు. ఆ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె దాన్ని 1838లో అచ్చు వేయించాడు. తేడా ఒక్కటే, వీరాస్వామయ్యకు మరణం తరుముతున్నదన్న స్పృహతో రాయవలసిన అవస్థ లేదు.

గ్రాంట్ మొదటి సంపుటం 1885 డిసెంబరులో, రెండోది 1886 మార్చిలో వచ్చాయి. పుస్తకాల దుకాణాలలో కాదు, ఇంటింటికీ చందాల మీద అమ్మారు. ట్వేన్ వేల మంది ఏజెంట్లను దింపాడు; వారిలో చాలామంది పాత సైనికులు, పాత యూనిఫారాలు తొడుక్కుని తలుపులు తట్టినవారు. మూడు లక్షలకు పైగా సెట్లు అమ్ముడయ్యాయి. 1886 ఫిబ్రవరిలో జూలియాకు మొదటి చెక్కు 2,00,000 డాలర్లకు అందింది. అన్నీ కలిపి నాలుగు లక్షలు దాటింది. అదే ట్వేన్ ప్రచురణ సంస్థ 1894లో దివాలా తీసింది.

జూలియా కూడా ఆ తరువాత తన జ్ఞాపకాలు రాసుకుంది. ప్రచురణకర్తలతో బేరం కుదరలేదు. ఆమె 1902లో మరణించింది. ఆ పుస్తకం 1975లో గానీ అచ్చు కాలేదు.